పదిహేడో స్తంభానికి మూడు గీతలు

పోచమ్మ పొద్దున్నే టీ తాగే ముందు పొయ్యి కెలుకుతుంది. చల్లారిన బొగ్గుల్లోంచి వేలెడు ముక్క ఒకటి ఏరి, బూడిద ఊది, కొంగు చివర ముడి వేసుకుంటుంది. సాయంత్రానికి ఆ ముక్క అరిగిపోతుంది. మర్నాడు ఇంకొకటి.

ఆ బొగ్గుతో ఆమె గీతలు గీస్తుంది. ఆమె పని కొత్తగా పోసిన కాంక్రీటుకు నీళ్లు కొట్టడం. స్తంభం చుట్టూ గోనె పట్టాలు చుట్టి, పైపుతో రోజుకు మూడుసార్లు తడపాలి. సాయంత్రం చివరిసారి తడిపాక, గోనె కింద జానెడు ఖాళీ ఉన్నచోట ఒక నిలువు గీత గీస్తుంది. ఒక గీతంటే ఒక రోజు తడి. పద్నాలుగు గీతలయ్యాక వాటి మీదుగా సున్నంతో ఒక అడ్డగీత. అంటే ఆ స్తంభం తాగింది చాలని. ఆమెకు చదువు రాదు. కానీ సైటంతా ఒక చుట్టు తిరిగి ఏ స్తంభం వయసెంతో, ఏ స్లాబు ఎన్నాళ్లదో చెప్పగలదు.

కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని నేను అనుకునేదాన్ని. ఆ మాటంటే పోచమ్మ నన్ను జాలిగా చూసింది. "ఎండితే గట్టివడేది మట్టి బిడ్డా. ఇది పసిపిల్ల లెక్క. రెండు వారాలు దూప కానియ్యొద్దు. దూపయిందా, పైకి పిల్లర్ లెక్కనే ఉంటది, లోపలంత పిండే." దూపంటే దాహం.

ఈ గీతలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదేళ్ల కిందట అమీర్‌పేటలో ఒక ఇంటి పనిలో సజ్జ పోసి, కింద ఆసరాగా పెట్టిన చెక్కలు మూడో రోజునే విప్పేశారు. ఆ చెక్కలు ఇంకో ఇంటికి కావాల్సి వచ్చాయట. సజ్జ విరిగి పోచమ్మ ఎడమ పాదం మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. దవాఖానలో ఉండగా అక్కడి మేస్త్రీ వచ్చి, సజ్జ కింద నిలబడమని నీకెవరు చెప్పారని ఆమెనే అడిగాడు. ఎన్ని రోజులు నీళ్లు పోశారో అతనికి గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు. పోచమ్మ గీతలు అప్పుడు మొదలయ్యాయి.

నేను ఆమెను చూసింది 1998 వేసవిలో, మాదాపూర్ బండల మధ్య లేస్తున్న ఒక ఆఫీసు భవనం దగ్గర. ఎం.ఏ. పూర్తిచేసి, ఆ సైటు ఆఫీసులో కాగితాలు రాసే పనిలో ఉన్నాను. ఆ ఏడాది మా కంపెనీ ఒక పోటీలో దిగింది. నగరంలోని నిర్మాణదారుల సంఘం ఒకటి ఏటా మంచి కట్టడాలకు బహుమతులు ఇస్తుంది. దరఖాస్తు ముప్పై రెండు పేజీలు. ఫొటోలు అతికించి, మూడు ప్రతులు కట్టించి పంపాను. కాగితాలు చూసి మొదట అయిదు సైట్లను ఏరతారు. తరువాత ముగ్గురు జడ్జీలు ఒక్కో సైటుకు వచ్చి రెండు గంటలు తిరుగుతారు. ఎవరి మార్కులు వారే వేస్తారు. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. మొత్తం వందకు. పనితనానికి ముప్పై, నాణ్యత రికార్డులకు ఇరవై, భద్రతకు ఇరవై, గడువు పాటించినందుకు పదిహేను, పరిసరాలకూ పచ్చదనానికీ పదిహేను. ముగ్గురి మార్కులూ కూడి మూడుతో భాగించి, ఎక్కువ వచ్చినవాళ్లకు షీల్డు.

ఇవన్నీ నా చేత్తోనే టైపు చేశాను. నీళ్లకు మార్కులు లేవని అప్పుడు నాకు తట్టలేదు.

మేము ఆ అయిదింటిలో ఉన్నామని ఏప్రిల్ మూడో వారంలో కబురు వచ్చింది. జడ్జీలు వచ్చేది మే ఆరున. సైట్ ఇంజనీరు ఉదయ్ భాస్కర్ ఆ రోజే కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాడు. ముప్పై ఏళ్లవాడు, కాకినాడ నుంచి వచ్చాడు. ఎవరినీ గట్టిగా కసిరినట్టు చూడలేదు. చెడ్డవాడు కాడు అని రాయబోతే మాత్రం ఇప్పటికీ నా చేయి ఆగిపోతుంది.

"అన్నిట్లో బానే ఉన్నామండి. పచ్చదనమే లేదు. ఒక్క మొక్క లేదు. పదిహేనుకు పదిహేనూ పోతాయి," అన్నాడు.

ఏప్రిల్ ఇరవై అయిదున రెండు లారీల్లో పచ్చగడ్డి వచ్చింది, చాపల్లాగా చుట్టలు చుట్టి. గేటు నుంచి భవనం దాకా పరిచారు. ఆ ఎండలో గడ్డి బతకాలంటే పొద్దుటా సాయంత్రమూ నానాలి. సైటులో బోరు మార్చిలోనే ఎండిపోయింది. రోజుకు రెండు ట్యాంకర్లు వచ్చేవి. ఒకటి కాంక్రీటు కలపడానికీ కూలీల గుడిసెలకూ, రెండోది పోచమ్మకు. ఆ రోజు నుంచి రెండోది గడ్డికి మళ్లింది.

అంతకు నాలుగు రోజుల ముందే మూడో అంతస్తులో పదకొండు స్తంభాలు పోశారు. పద్నాలుగో నంబరు నుంచి ఇరవై నాలుగు దాకా. వాటి అడుగున మూడేసి గీతలున్నాయి.

పోచమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపల ఉదయ్ భాస్కర్‌తో పాటు కూలీలను తెచ్చిన మేస్త్రీ యాదయ్య ఉన్నాడు.

"సార్, నా ట్యాంకర్ ఏడికి వోయింది?"

"గడ్డికి పోయిందమ్మా. ఒక పది రోజులు ఓపిక పట్టు. జడ్జీలు వచ్చి వెళ్లగానే నీ ట్యాంకరు నీకే."

"పది దినాలు పిల్లర్లు ఓపిక వట్టాలె గద సార్, నేను వట్టినా ఏం ఫాయిదా?"

యాదయ్య నవ్వాడు. "ఏంది పోచక్కా, గడ్డితోని కొట్లాటనా? బర్లు గిట్ట కొన్నవా?"

"నువ్వు మెయ్యనీకి తెచ్చిన్రనుకున్న యాదయ్యా."

నేను తల వంచుకుని నవ్వు దాచుకున్నాను. ఉదయ్ భాస్కర్ కూడా నవ్వాడు. నవ్వుతోనే ఆ సంగతి తేలిపోయింది. ట్యాంకరు మాత్రం గడ్డి దగ్గరే ఆగింది.

మర్నాడు ఆమె గుడిసెల దగ్గర తన వంతుకు వచ్చిన రెండు బిందెల నీళ్లు మూడు అంతస్తులు మోసింది. కుంటుతూ. తన స్నానానికీ గిన్నెలకూ అవే నీళ్లు. అవి పదిహేడో స్తంభానికి పోసింది. అది పడమటి వైపుది, మధ్యాహ్నమంతా ఎండ పడేది అదే. బొగ్గు తీసింది, మళ్లీ కొంగులోనే పెట్టుకుంది. గీత ఎందుకు గీయలేదని అడిగాను.

"రెండు బిందెలకు గొంతు తడిసింది గంతే. కడుపు నిండకుంట గీత ఎట్ల గీస్తరు?"

అబద్ధపు గీత ఒక్కటి గీసినా అడిగేవాళ్లు లేరు. ఆమె గీయలేదు. అందుకే ఆ తరువాత జరిగినదంతా నాకు ఇంత మంట.

మే నాలుగున సున్నం వేసేవాళ్లు వచ్చారు. మూడో అంతస్తులో గోనెలు పైకి జరిపి, ఇరవై నాలుగు స్తంభాలకూ అడుగున రెండడుగుల ఎత్తు తెల్లగా కొట్టారు. పద్నాలుగు గీతలున్నవీ పోయాయి, మూడు గీతలున్నవీ పోయాయి. పోచమ్మ మెట్లు దిగి ఆఫీసులోకి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు.

"నా గీతలు ఏవి?"

"రంగు వేయించాం పోచమ్మా," అన్నాడు ఉదయ్ భాస్కర్. "బొగ్గు గీతలు మురికిగా కనిపిస్తాయి కదా. పెద్దవాళ్లు వస్తున్నారు."

"ఎన్నడు లేంది ఇయ్యాల మురికైనయా? ఏడాదాయె గీస్తున్న. మూడు గీతలకాడ ఆగినంకనే మురికి గొట్టినయా?"

"అదేం లేదమ్మా."

"నా గీతలు తుడ్వనీకి సున్నం దొర్కింది, సున్నంల కలపనీకి నీళ్లు దొర్కినయి. పిల్లర్లకే దొర్కలె."

ఆయన ఫోను ఎత్తి ఎవరికో నంబరు తిప్పడం మొదలుపెట్టాడు. పోచమ్మ బయటికి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక ఫోను పెట్టేసి, సొరుగులోంచి కొత్త రిజిస్టరు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. క్యూరింగ్ రిజిస్టరు. అట్ట మీద దుమ్ము కూడా లేదు.

"స్తంభం నంబరు, తేదీ, నీళ్లు ఎన్నిసార్లు, అంతేనండి. అన్నిటికీ పద్నాలుగు రోజులు. పెన్నులు మార్చి రాయండి, ఒకే ఇంకు అయితే బాగోదు."

"ఆ పదకొండింటికి సార్..."

"అన్నిటికీ అండి. అందరూ రాసేదే. జడ్జీలకూ తెలుసు."

నేను రాశాను. నీలం పెన్నుతో కొంత, నలుపుతో కొంత. మధ్యలో రెండు చోట్ల కొట్టివేతలు కూడా పెట్టాను, రోజూ రాసినట్టు కనిపించాలని. ఆ ఆలోచన ఎవరూ చెప్పలేదు, నాదే. ఏడాది పాటు ఒక మనిషి వంగి, కుంటుతూ, బొగ్గుతో రాసిన నిజాన్ని రెండు గంటల్లో చెరిపి రాశాను. నా దస్తూరి బాగుంటుందని కాలేజీలో మెచ్చుకునేవారు.

అయిదో తేదీ సాయంత్రం కూలీలందరికీ బూట్లు, పచ్చ హెల్మెట్లు పంచారు. భద్రత మార్కుల్లో పాదరక్షలకు ఒక వరుస ఉంది. పోచమ్మ ఎడమ పాదానికి బూటు నిలవలేదు. గుడ్డలు కుక్కి తొడిగి చూశారు. రెండడుగులు వేసేసరికి జారిపోయింది.

"రేపు నువ్వు గుడిసెలోనే ఉండు పోచమ్మా, నీ కూలి ఎక్కడికీ పోదు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"పైకి రావొద్దంటవు."

"జడ్జీలు వెళ్లేదాకానే."

ఆమె ఆ బూటును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ కాలు ఎందుకు గిట్లయిందో ఆ జడ్జీలకు తెల్వదా సార్?" అని, బూటు బల్ల మీద పెట్టి వెళ్లింది. 

మర్నాడు ముగ్గురూ పదకొండింటికి వచ్చారు. ఒకరు రిటైరైన ప్రభుత్వ ఇంజనీరు లక్ష్మీనారాయణ గారు. ఒకరు ఆర్కిటెక్టు. మూడో ఆయన సిమెంటు వ్యాపారం చేసే పెద్దమనిషి. ముగ్గురి చేతుల్లోనూ అట్టలకు బిగించిన మార్కుల కాగితాలు. గడ్డి దగ్గర ఆర్కిటెక్టు ఆగి, బూటుతో మెల్లగా నొక్కి చూశాడు. "ఈ మే నెలలో ఇంత పచ్చగానా," అన్నాడు. ఉదయ్ భాస్కర్ తల వంచి నవ్వాడు. నేను రిజిస్టర్లు మోస్తూ వెనక నడిచాను.

మూడో అంతస్తులో లక్ష్మీనారాయణ గారు ఒక స్తంభం దగ్గర ఆగారు. పదిహేడోది. రిజిస్టరు అడిగి తీసుకుని, వేలు పెట్టి వరుస చూశారు.

"పద్నాలుగు రోజులు. మంచిదే. ఈ రాత ఎవరిది?"

"నాదేనండి."

"రోజూ నువ్వే రాస్తావా అమ్మా?"

నేను తలూపాను.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒకటి మెత్తగా. పోచమ్మ వచ్చింది. హెల్మెట్ లేదు, కాళ్లకు ఏమీ లేదు. యాదయ్య చేయి అడ్డం పెట్టబోతే పక్కకు నెట్టింది.

"పదిహేడు నంబరా సార్? దానికి మూడు దినాలు. పద్నాలుగు కాదు."

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు లక్ష్మీనారాయణ గారు.

"నీళ్లు గొట్టేదాన్ని."

"మరి ఎందుకు కొట్టలేదు?"

ఆమె అంచు దాకా నడిచి కిందికి చూపించింది. "అగో, ఆ పచ్చగున్నదంత నా పిల్లర్ల నీళ్లే."

ఉదయ్ భాస్కర్ ముందుకొచ్చాడు. "చదువు లేని మనిషండి. లెక్క తప్పి ఉంటుంది. రిజిస్టరు ఉంది కదండీ."

పోచమ్మ అతని వైపు చూడలేదు. నేల మీద పడి ఉన్న మేకు ఒకటి తీసుకుంది. పదిహేడో స్తంభానికి గోనె పక్కకు లాగి, సున్నానికి పైన, రొమ్ము ఎత్తున, మేకుతో గట్టిగా గీకింది. కింద ఎడమ అరచేయి పట్టింది. బూడిద రంగు పిండి రాలి చేతిలో పడింది. ఆ చేయి మూసుకుని అయిదో నంబరు స్తంభం దగ్గరికి నడిచింది. అది పద్నాలుగు గీతలు నిండినది. అదే మేకుతో అంతే గట్టిగా గీకింది. స్తంభం మీద మేకు ఇనుము మెరుపు సన్నగా అంటుకుంది. ఏమీ రాలలేదు. ఆమె వచ్చి రెండు చేతులూ జడ్జీల ముందు చాచింది. ఒక చేతిలో పిండి, ఒకటి ఖాళీ.

"నా గీతలు తుడిచిన్రు. గీ గీతలు ఎట్ల తుడుస్తరు?"

తరువాత నా వైపు చూసింది. రిజిస్టరు అప్పటికి తిరిగి నా చేతికి వచ్చింది. ఆ రాత అబద్ధమని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు ఈ జన్మలో రాదు. నేను చెప్పలేదు.

లక్ష్మీనారాయణ గారు ఆ పిండిని వేళ్ల మధ్య నలిపి, తన కాగితం మీద చాలాసేపు రాశారు. సిమెంటు పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. ఆర్కిటెక్టు పోచమ్మ పాదాలు చూసి, కాగితం మీద ఏదో చిన్నగా రాశాడు. ఏం రాశాడో జూన్‌లో తెలిసింది.

ఆమె పని మర్నాడు పొద్దున్నే పోయింది. యాదయ్య గుడిసె దగ్గరికి వెళ్లి చెప్పాడు. "ఇగ రాకు పోచక్కా. చెప్పులు లేనోళ్లను పెట్టుకోవద్దని సార్ అంటుండు. నన్ను పరేషాన్ జెయ్యకు." సామాను రెండు బిందెలు, ఒక పెట్టె. అదే రోజు ఆమె ట్యాంకరు పిల్లర్ల దగ్గరికి తిరిగి వచ్చింది. పైపు పట్టుకుని నీళ్లు కొట్టడానికి కొత్త మనిషిని పెట్టారు. ఆ మనిషి గీతలు గీయదు.

జూన్‌లో మాకు మొదటి బహుమతి వచ్చింది. పెద్ద హోటల్లో సభ పెట్టి షీల్డు ఇచ్చారు. పాల్గొన్నవాళ్లందరికీ మార్కుల కాగితాలు పంపడం వాళ్ల ఆనవాయితీ. అవి నా బల్ల మీదికే వచ్చాయి. రికార్డులకు లక్ష్మీనారాయణ గారు ఇరవైకి నాలుగు వేశారు. పక్కన "క్యూరింగ్ అనుమానాస్పదం, పరీక్ష అవసరం" అని రాశారు. మిగతా ఇద్దరూ పంతొమ్మిది, పద్దెనిమిది వేశారు. ఆ ఇద్దరూ కూడా అదే పిండిని చూశారు. కూడి మూడుతో భాగిస్తే దాదాపు పద్నాలుగు. కళ్లతో చూసిన ఒక మనిషి అనుమానాన్ని ఆ భాగహారం అలా మింగేసింది. పచ్చదనానికి ముగ్గురూ పదిహేనుకు పదిహేను వేశారు. అంటే లక్ష్మీనారాయణ గారు కూడా. భద్రతలో ఆర్కిటెక్టు ఒక మార్కు తగ్గించాడు. కారణం: "పాదరక్షలు లేని కార్మికురాలు ఒకరు."

రెండో స్థానం వాళ్లకూ మాకూ తేడా ఒకే ఒక్క మార్కు. గడ్డి గెలిపించింది. గడ్డి జూలైకి చచ్చిపోయింది. జడ్జీలు వెళ్లాక దానికి ఎవరూ నీళ్లు పోయలేదు.

లక్ష్మీనారాయణ గారు అక్కడితో వదిలిపెట్టలేదు. పోటీ ముగిశాక, భవనం కట్టించుకుంటున్న యజమానికి ఉత్తరం రాశారు. ఆ యజమాని ఆగస్టులో బయటి నిపుణులను పిలిపించాడు. వాళ్లు మూడో అంతస్తు స్తంభాలను ఒక్కొక్కటిగా సుత్తిలాంటి యంత్రంతో కొట్టి బలం కొలిచారు. ఇరవై నాలుగింటిలో పదకొండు తక్కువ బలంతో ఉన్నాయి. ఆ పదకొండు ఏవో ఆ నివేదికలో వరుసగా ఉన్నాయి: పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. పోచమ్మ బొగ్గుతో చెప్పింది, యంత్రం అంకెలతో చెప్పింది. ఆ నివేదికలో ఆమె పేరు లేదు. ఆ పదకొండింటి చుట్టూ కొత్తగా ఇనుము కట్టి, ఇంకో పొర కాంక్రీటు పోశారు.

బహుమతి వెనక్కి తీసుకోలేదా అంటే, లేదు. ఫలితాలు ప్రకటించాక ఏ అభ్యంతరాన్నీ స్వీకరించబోమని పంతొమ్మిదో నిబంధన.

తరువాతి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ దరఖాస్తు వచ్చింది. ఈసారి "వినూత్న పద్ధతులు" అనే కొత్త విభాగం ఉంది. ఉదయ్ భాస్కర్ చెబుతుంటే నేను రాసుకోవాలి. "భవిష్యత్తులో అదనపు అంతస్తులను దృష్టిలో ఉంచుకుని, ముందుచూపుతో మూడో అంతస్తులోని పదకొండు స్తంభాలను మరింత బలపరిచి..." అని మొదలుపెట్టాడు. నేను పెన్ను మూసి బల్ల మీద పెట్టాను. అంతకన్నా పెద్ద ధైర్యం నేనేమీ చూపలేదు. నెలాఖరుకు పని మానేశాను.

పోచమ్మను వెతకడానికి రెండు ఆదివారాలు పట్టాయి. శేరిలింగంపల్లి దగ్గర కొందరు కూలీలు, మియాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట చూడమన్నారు. అక్కడ ఇసుక కుప్ప పక్కన గోనె పట్టాలు ఆరేసుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని అనలేదు.

నిపుణులు వచ్చిన సంగతి, పదకొండు నంబర్లూ, వాటి చుట్టూ కొత్త పొర పోసిన సంగతీ చెప్పాను. ఆ రాత అబద్ధమని ఆ రోజు నేను చెప్పాల్సింది అని కూడా చెప్పాను. ఆమె ఒక పట్టా దులిపి మడతపెట్టింది.

"అవి నాకు ఎర్కలేనియి గావు బిడ్డా. నీకూ ఎర్కే," అంది. ఇంకో పట్టా తీసుకుంది. "మల్ల సుట్టూ పోసిన్రంటివి గద. దానికైన నీళ్లు కొట్టిన్రా, లేదా?"

నాకు తెలియదు. ఆ పొర పోసిన రోజుల్లో నేను అక్కడే ఉన్నాను, మూడు అంతస్తుల కింద, బల్ల దగ్గర. ఒక్కసారి కూడా పైకి వెళ్లి చూడలేదు.

"చూడలేదు," అన్నాను.

"చూడాలె గద," అంది పోచమ్మ, పైపు తీసుకుని లేచి.

పోచమ్మ ఇప్పుడు ఆ మియాపూర్ అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో పని చేస్తోంది. వారానికి ఆరు రోజులు, చెప్పులు లేకుండా.